ఎద్దు పళ్లు చూసి కొంటాం, ఇంటి దూలం చూడకుండా కొంటామా?



ఈసారి పంట గురించి రాయడం లేదు. ఇంటి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. పాత ఇల్లు కొనాలని మనసులో ఉన్నవాళ్లు తప్పకుండా చదవండి. అమ్మాలని ఉన్నవాళ్లు కూడా చదవండి.

ఈమధ్య ఒకరోజు పొగాకు గ్రేడింగ్ పనిలో ఉండగా మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఆత్మకూరు దగ్గర ఒక పాత మిద్దె బేరం కుదిరింది. సోమవారం బయానా ఇస్తా ఉండా. పెద్దమనిషిగా నువ్వు రావాల."

సంతోషమే అన్నా. ఇరవై అంకణాల స్థలం, ముందు వసారా, వెనక పెరడు, పెరట్లో వేపచెట్టు. అమ్మే పెద్దామె కొడుకు బెంగుళూరులో ఉద్యోగం, ఆమెను కూడా అక్కడికే తీసుకుపోతున్నాడంట. ఇప్పుడు మన ఊళ్లన్నిట్లో ఇదే కథ గదా. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై పోయారు. కొందరు ఇంకా దూరం పోయారు. పెద్దవాళ్లు ఉన్నన్నాళ్లు ఇంట్లో దీపం ఉంటుంది. తర్వాత తాళం, ఆ తర్వాత బేరం.

"ఇల్లు ఎవురు చూశార్రా?" అని అడిగా.

"అందరూ చూశారు బావా. పంతులు వచ్చి వాస్తు చూశాడు, ఈశాన్యం బాగుందన్నాడు. డాక్యుమెంట్ రైటర్ లింకు కాగితాలు చూశాడు. ఈసీ తీశాం. సర్వేయర్ వచ్చి కొలతలు వేశాడు."

"అది సరే అబ్బయా, దూలాలు ఎవురు చూశారు?"

ఫోన్లో చప్పుడు లేదు. కాసేపటికి అన్నాడు. "తాతల నాటి ఇల్లు బావా. ఇన్నేళ్లు నిలబడింది, మన కాలంలో పడిపోద్దా?"

ఆ మాట వినగానే నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే 2017లో ఇదే మాట నేనూ అన్నా. దానికి నేను కట్టిన లెక్క ఏందో చెప్తా వినండి.

మా ఊళ్లోనే, మా వరసవాళ్ల పాత మిద్దె ఆరు లక్షలకు కొన్నా. రాతి గోడలు, వేప దూలాలు, పైన మట్టి మిద్దె. సంక్రాంతికి సున్నం కొట్టించి ఉన్నారు, తెల్లగా మెరిసిపోతా ఉంది. తలుపులకు, దూలాలకు పచ్చరంగు వేసి ఉన్నారు. ఎండాకాలంలో చూశాం. లోపల చల్లగా ఉంది. మా అమ్మ ఆ వెనక గది చూసి, "ఈ చల్లదనం నీ స్లాబు ఇంట్లో యాడ వస్తాది నాయనా" అని అక్కడే నవారు మంచం వేయించుకుంది. నాలుగేళ్లు అదే గదిలో పడుకుంది.

2021 నవంబరు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. పెన్నకు వరద వచ్చి, సోమశిల నుంచి నీళ్లు వదిలి, కింద ఊళ్లన్నీ అల్లాడిన నెల. మా మెట్టలో వరద రాలేదు గానీ వాన వదల్లేదు. ఒకరోజు రాత్రి వెనక గదిలో కారుతోందని అమ్మ మంచం అక్కడే వదిలేసి ముందు వసారాలోకి వచ్చి చాప మీద పడుకుంది. తెల్లారుజామున ట్రాక్టరు ట్రక్కు తిరగబడినట్టు శబ్దం. లేచి చూస్తే వెనక గది పైకప్పులో సగం కిందుంది. దూలం ఒక కొన గోడలోంచి జారి నేలకు ఆనుకుంది. తడిమట్టి, కట్టెలు, రాళ్లు అన్నీ ఆ మంచం మీద. నవారు మంచం కోళ్లు పుల్లల మాదిరి విరిగిపోయి ఉన్నాయి.

మా అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ మంచం వైపు చూస్తా నిలబడింది. ఇప్పటికీ వాన వస్తే ఆమె పైకప్పు వైపు చూస్తుంది, ఇప్పుడున్నది స్లాబు అయినా సరే.

తర్వాత ఒక ఇంజనీరును పిలిపించుకొని చూపించా. దూలం నడుమంతా గట్టిగానే ఉంది. గోడలో దూరిన ఆ అడుగు ముక్క మాత్రం పొడి అయిపోయి ఉంది. వేలితో పొడిస్తే పిండి రాలినట్టు రాలింది. మిద్దె మీద నీళ్లు పోయే గొట్టం సరిగ్గా ఆ కొన పక్కనే ఉంది. కొన్నేళ్లుగా అక్కడ తడి దిగి దిగి కొన కుళ్లింది, కుళ్లిన దానికి చెద పట్టింది. బయటికి కనిపించే భాగానికి పచ్చరంగు. ఆయన ఒకటే మాట అన్నాడు: "కొనేటప్పుడు పిలిచి ఉంటే గంటలో చెప్పేవాణ్ణి."

ఆరు లక్షలకు కొన్న ఇంటికి మళ్లీ నాలుగు లక్షలు పెట్టా. డబ్బు పోతే పోయింది. ఆ రాత్రి కారకుండా ఉండి ఉంటే, అమ్మ అక్కడే పడుకొని ఉంటే? ఆ ప్రశ్నకు లెక్క కట్టడం నా వల్ల కాదు.

అందుకే ఈ పోస్టు.

మనం రైతులం. చూడకుండా ఏదీ కొనం. సంతలో ఎద్దును కొంటే పళ్లు చూస్తాం, సుడి చూస్తాం, నడిపిస్తాం, వీలైతే కాడి వేసి రెండు సాళ్లు దున్నిస్తాం. విత్తనాలు తెస్తే గుప్పెడు తడిపి గుడ్డలో కట్టి ఎన్ని మొలిచాయో లెక్క పెడతాం. బోరు వేసే ముందు ఎవరినో ఒకరిని పిలిచి పాయింటు పెట్టించుకుంటాం, కొబ్బరికాయతోనైనా, మిషనుతోనైనా. కలిగిరి, డీసీపల్లి వైపు పొగాకు రైతులు బ్యారన్ మండించే ముందు గొట్టాలన్నీ తడిమి చూసుకుంటారు, చిన్న చిల్లి ఉన్నా బ్యారన్ మొత్తం కాలిపోద్దని తెలుసు కాబట్టి. ఇన్ని జాగ్రత్తలు తెలిసిన మనం, పెళ్లాం పిల్లలు నిద్రపోయే ఇంటికి మాత్రం ఈశాన్యం చూసి బయానా ఇచ్చేస్తాం.

మనకు సర్వే అంటే గొలుసు, రాళ్లు, హద్దులు. అది స్థలం సర్వే. నేను చెప్పేది ఇంటి సర్వే. అంటే ఆ ఇంటితో గానీ, ఆ బేరంతో గానీ సంబంధం లేని ఒక సివిల్ ఇంజనీరు వచ్చి, పునాది నుంచి పిట్టగోడ దాకా చూసి, ఏది గట్టిగా ఉంది, ఏది పోయింది, ఏది వెంటనే బాగు చేయాలి, దానికి ఎంత అవుతుంది అని కాగితం మీద రాసి ఇవ్వడం. ఇంగ్లండులో పాత ఇల్లు కొనేవాళ్లకు ఇది మామూలు విషయం. అక్కడ ఈ సర్వేలకు మూడు స్థాయిలు పెట్టుకున్నారు, పాత ఇళ్లకు, మార్పులు చేసిన ఇళ్లకు మూడో స్థాయి, అంటే అన్నిటికన్నా లోతైన సర్వే చేయించుకోమంటారు. వాళ్ల ఇళ్లకు ఇటుక, సున్నం. మన ఇళ్లకు రాయి, మట్టి. అవసరం మనకే ఎక్కువ.

ఎందుకు ఎక్కువో చెప్తా. మన ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు వైపు పాత ఇళ్లు ఎట్టా కట్టారో గుర్తు తెచ్చుకోండి. రెండడుగుల మందం రాతి గోడ. చూస్తే కోట గోడ మాదిరి ఉంటుంది. కానీ అది ఒక గోడ కాదు, రెండు గోడలు. బయట ఒక వరస రాళ్లు, లోపల ఒక వరస రాళ్లు, మధ్యలో మట్టి, గులకరాళ్లు. ఈ రెండు వరసల్నీ కలిపి పట్టుకునేవి అటునుంచి ఇటు దాకా వచ్చే పొడుగు రాళ్లు. తెలిసిన మేస్త్రీ అయితే రెండడుగుల ఎత్తుకొకసారి, నాలుగడుగులకు ఒకటి చొప్పున వేస్తాడు. చేతిలో డబ్బు లేని రోజుల్లో కట్టిన గోడలో అవి ఉండవు. అప్పుడు ఏమవుతుంది? లోపలి మట్టిలోకి నీళ్లు దిగిన కొద్దీ రెండు వరసలు విడిపోతాయి. గోడ మధ్యలో పొట్ట మాదిరి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు సున్నం కొడితే కనిపించదు. తాడుకు గుండు కట్టి వేలాడదీస్తే ఒక నిమిషంలో కనిపిస్తుంది.

ఇంక మిద్దె. ప్రతి ఏడూ వానాకాలం ముందు కారకుండా ఇంకాస్త చౌడు మట్టి వేస్తాం. పాత మట్టి తీయం, దాని మీదే వేస్తాం. తాత వేశాడు, నాయన వేశాడు, మనమూ వేశాం. ఒక లెక్క చూడండి. పన్నెండుకు పదిహేను అడుగుల గది. దాని మీద ఒక్క అంగుళం మట్టి వేస్తే పదిహేను ఘనపుటడుగులు. ఎండిన మట్టే దాదాపు ఏడు క్వింటాళ్లు తూగుతుంది. నాలుగు అంగుళాలు పేరుకుంటే ఇరవై ఏడు క్వింటాళ్లు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు గదా, అంటే మూడు పుట్ల వడ్లు నెత్తిన పెట్టుకొని ఆ దూలాలు నిలబడి ఉన్నాయన్నమాట. వాన తడిస్తే ఇంకా బరువు. దూలం కట్టిన రోజు మోసిన బరువు వేరు, ఈ రోజు మోస్తున్న బరువు వేరు. "ఇన్నేళ్లు నిలబడింది" అనే మాట ఇక్కడే తప్పుతుంది. ఇన్నేళ్లలో బరువు పెరిగింది, బలం తగ్గింది.

దీని ఫలితం ఎట్టా ఉంటుందో మన దేశం ఒకసారి చూసింది. 1993 సెప్టెంబరు 30న, వినాయక నిమజ్జనం చేసుకొని జనం పడుకున్న తెల్లారుజామున, మహారాష్ట్రలో లాతూరు దగ్గర కిల్లారిలో భూకంపం వచ్చింది. పదివేల మంది దాకా పోయారు. అక్కడి ఇళ్లు ఎట్టాంటివి? మందపాటి రాతి గోడలు, మట్టి అడుసు, పైన కట్టెల మీద మందంగా మట్టి. అచ్చం మన మిద్దెల మాదిరే. భూమి అదిరింది కొన్ని సెకన్లు. చంపింది గోడలు, మిద్దెలు.

"మనకు భూకంపాలు యాడ వస్తాయి" అనకండి. 1967 మార్చి 27న ఒంగోలు అదిరింది. 2015, 2016లో వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, ఉదయగిరి వైపు చిన్న చిన్న అదురులు ఎన్నిసార్లు వచ్చాయో అక్కడివాళ్లకు తెలుసు. గిన్నెలు కదిలాయని, నిద్రలేచి వీధిలోకి పరుగెత్తామని చెప్పుకున్నాం. 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన అదురు ఎక్కడెక్కడో తెలిసింది. అదే నెలలో మనకు పైనున్న ముండ్లమూరు, తాళ్లూరు వైపు కూడా భూమి కదిలింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. చిన్న అదురుకు గట్టి ఇల్లు పడదు. కానీ పొట్ట ఉబ్బిన గోడకు, కుళ్లిన దూలానికి చిన్న అదురు చాలు, రెండు రోజుల ముసురు చాలు.

సరే, పాత మిద్దె ప్రమాదం, స్లాబు వేసిన ఇల్లు అయితే నిశ్చింత అనుకుంటారేమో. నా మాట వినండి, చాలాసార్లు అసలు ప్రమాదం ఆ స్లాబుతోనే ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్ల కింద చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు మిద్దె తీసేసి, ఆ పాత మట్టి అడుసు గోడల మీదనే స్లాబు వేసినవాళ్లు మన ఊళ్లలో ఎందరో. కింద పిల్లర్లు లేవు, గోడలను కట్టి పట్టే బెల్టు లేదు. పాత కాళ్ల మీద కొత్త బరువు. అప్పట్లో ఇసుక కడగకుండా, కమ్మీల కింద గ్యాపు లేకుండా, సరిగ్గా నీళ్లు కొట్టకుండా వేసిన స్లాబుల్లో ఇప్పుడు కమ్మీలు తుప్పు పట్టి, పెచ్చులు ఊడి పడుతున్నాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాంక్రీటును లోపల్నించి పగలగొడుతుంది. ఊడిన చోట సిమెంటు మెత్తి రంగు వేస్తే రోగం లోపలే ఉంటుంది. చిన్న సుత్తితో తట్టి చూస్తే గట్టి చోట 'టంగ్' మంటుంది, విడిపోయిన చోట బోలుగా పలుకుతుంది, పుచ్చిన పుచ్చకాయ మాదిరి.

ఇంకో సంగతి. మన ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదనే వేస్తున్నారు. వీధి పైకి లేచింది, ఇల్లు కిందికి పోయింది. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి పోయే ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతున్నాం. వీధి నీళ్లన్నీ గోడ మొదట్లోకి దిగుతాయి. దానికి తోడు గోడకు మూడడుగుల దూరంలోనే మరుగుదొడ్డి గుంత తవ్వి ఉంటారు. మట్టి గోడకు మొదట్లో తడి చేరితే, పైన ఎంత రంగు వేసినా లాభం లేదు. ఆ తడి కనిపించకుండా సిమెంటు పూత పూస్తారు. అది ఇంకా తప్పు, లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

మరి ఎవర్ని పిలవాలి? ఇక్కడ నాలుగు పొరపాట్లు జరుగుతున్నాయి.

బ్యాంకు వాల్యూయర్ చూశాడు గదా అంటారు. ఆయన చూసేది బ్యాంకు ఇచ్చే అప్పుకు ఆ ఆస్తి విలువ సరిపోతుందా అని. మీ దూలం కొన కుళ్లిందా అని కాదు.

సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉన్నాడు గదా అంటారు. 2019 నుంచి సచివాలయాల్లో వాళ్లు ఉన్నారు, నిజమే. వాళ్ల పని ప్రభుత్వ పనులు. మన ప్రైవేటు బేరానికి రిపోర్టు రాసివ్వడం వాళ్ల డ్యూటీ కాదు. మంచి ఇంజనీరు ఎవరున్నారో అడగడానికి మాత్రం పనికొస్తారు.

మేస్త్రీ చూశాడు అంటారు. పాత ఇళ్లు కట్టిన ముసలి మేస్త్రీ ఉంటే తప్పకుండా తీసుకుపోండి, రాతి గోడ గురించి ఆయనకు తెలిసినంత కొత్త ఇంజనీరుకు తెలియకపోవచ్చు. కానీ ఆ రిపేరు పని చేయబోయే మేస్త్రీనే అడిగితే, పని ఉందనే చెప్తాడు. అమ్మేవాళ్లు పంపిన మేస్త్రీని అడిగితే, పని లేదనే చెప్తాడు. ఇద్దరూ వద్దు.

నాలుగోది వాస్తు. నమ్మకం ఉన్నవాళ్లు చూపించుకోండి, నేను కాదనను. కానీ పంతులుకు దక్షిణ, కారు ఖర్చు, భోజనం పెట్టి పంపిస్తాం. ఇంజనీరుకు నాలుగైదు వేలు అంటే "ఊరికే చూసి పోయేదానికి అంతా?" అంటాం. ఈశాన్యం ఎంత బాగున్నా, కుళ్లిన దూలం కింద మంచం వేస్తే ఏ దిక్కు కాపాడుతుంది?

ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెప్తా. రిజిస్ట్రేషనుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం కడుతున్నాం. పది లక్షల ఇంటికి డెబ్బై అయిదు వేలు. ఆ కాగితం ఇల్లు మనదని చెబుతుంది. ఇల్లు నిలబడుతుందని చెప్పదు. ఆ డెబ్బై అయిదు వేలలో పదో వంతు కూడా కాని ఖర్చుతో రెండో మాట తెలుస్తుంటే ఎందుకు వెనకాడాలి?

చట్టం కూడా మన పక్కన పూర్తిగా లేదు, తెలుసుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియని పెద్ద లోపం ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి అంటుంది. అయితే అందులోనే ఒక మెలిక ఉంది: కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని లోపం అయ్యుండాలి. అంటే చూస్తే కనిపించే లోపాన్ని మనం చూడకుండా కొంటే, రేపు కోర్టుకు పోయినా "నువ్వెందుకు చూసుకోలేదు" అనే అడుగుతారు. అందుకే బయానా ముందే సర్వే. ఒకవేళ బయానా ఇవ్వక తప్పదంటే అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించుకోండి: "ఇంజనీరు పరీక్షలో పెద్ద లోపం బయటపడితే బయానా వాపసు ఇవ్వాలి, లేదా ధర తిరిగి మాట్లాడుకోవాలి" అని. నోటి మాట మీద వదలకండి. గ్రామకంఠం ఇళ్లకు కాగితాలే అంతంత మాత్రం, ఇంక నోటి మాటకు విలువేముంది.

"నేను కొనేది స్థలం కోసం. పాతది కూల్చి కొత్తది కడతా, నాకెందుకు సర్వే?" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకూ కావాలి. మన పాత వీధుల్లో రెండిళ్లకు మధ్య ఉమ్మడి గోడలు ఉంటాయి. మీ దూలమూ, పక్కింటి దూలమూ అదే గోడ మీద ఆని ఉంటాయి. మీరు జేసీబీ తెచ్చి లాగితే పక్కింటి ముసలాయన మీద పడొచ్చు. కూల్చడానికి కూడా పద్ధతి ఉంది, అది చెప్పేదీ ఇంజనీరే.

ఇంకొంతమంది కొనేది తాము ఉండటానికి కాదు. పాలేరు కుటుంబాన్ని పెట్టడానికో, ఎరువుల బస్తాలకో, కూలికి వచ్చినవాళ్లకు అద్దెకో. "వాళ్లకే గదా, ఏదో ఒకటి" అంటారు. అన్నలారా, మనం పడుకోని కప్పు కింద ఇంకొకరి పిల్లల్ని పడుకోబెట్టడం కంటే పాపం ఉండదు. వాళ్లు అడగలేరు కాబట్టి మనమే చూడాలి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి డబ్బు కాదు, మొహమాటం. "అమ్మేవాళ్లు మనవాళ్లే, ఇంజనీరును తెస్తే నమ్మలేదని బాధపడతారు." నా బావమరిది కూడా ఇదే అన్నాడు. నేను చెప్పా: "ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి చూస్తే ఎద్దు యజమాని బాధపడతాడా? చూడకపోతేనే వీడికి ఎద్దుల సంగతి తెలియదనుకుంటాడు."

చివరికి ఒప్పుకున్నాడు. బయానా వారం వాయిదా వేశాం. ఒక ఇంజనీరునీ, మా ఊరి ముసలి మేస్త్రీనీ తీసుకొని పొద్దున్నే పోయాం. నాలుగు గంటలు పట్టింది. నిచ్చెన వేసి మిద్దె ఎక్కారు, ఎంత మందం మట్టి ఉందో గడ్డపారతో ఒక మూల తవ్వి చూశారు. ప్రతి దూలం కొన గోడలో దూరే చోట సన్నటి మేకుతో పొడిచి చూశారు. గోడలకు గుండు వేలాడదీశారు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయిన బీటల్లో రూపాయి బిళ్ల దూరుతుందా అని చూశారు. ఒక బీట మీద చిన్న గాజు పలక సిమెంటుతో అంటించి తేదీ రాశారు. బీట ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది, కదలకపోతే పాత బీటే అని అర్థం. పిట్టగోడలో మొలిచిన రావి మొక్కను చూసి మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. దుర్గం మీద పాత గోడల్ని చూసినవాళ్లకు ఆ వేళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంతలో ఆ పెద్దామె మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మేం చేస్తున్నది అంతా చూస్తా నిలబడి, నెమ్మదిగా అంది. "ఆ పడమటి గదిలో వానొస్తే మేం పడుకోం నాయనా. మా ఆయన ఉన్నప్పటి నుంచీ అంతే."

నా బావమరిది ఆశ్చర్యపోయాడు. "ముందే చెప్పలేదేం పెద్దమ్మా?"

"ఎవురూ అడగలేదు గదా. వచ్చినోళ్లంతా కాగితాలే అడిగారు."

ఈ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె దాచలేదు, మనం అడగలేదు. అందుకే నా సలహాలో మొదటిది ఇదే: ఇంజనీరును పిలిచే ముందు, ఆ ఇంట్లో కాపురం చేసిన ఆడమనిషిని అడగండి. యాడ కారుతుంది, యాడ చెద వస్తుంది, వానలో ఏ గదిలో పడుకోరు. ఇంటి జాతకం ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

రిపోర్టు వచ్చింది. మేం భయపడినంత లేదు. అసలు పాత ఇల్లు, అంటే రాతి గోడలు, నడిమి రెండు గదులు గట్టిగానే ఉన్నాయి. మిద్దె మీద అదనపు మట్టి దించాలి, రెండు దూలాల కొనలు మార్చాలి, నీళ్ల గొట్టం దిశ తిప్పాలి. పడమటి గది పైకప్పు పూర్తిగా తీసి వేయాలి. అన్నిటికన్నా ప్రమాదం అని రాసింది మాత్రం మేం అందరం "కొత్తది, బాగుంది" అనుకున్న ముందు వసారా స్లాబు గురించి. దాన్ని తీసేయమన్నాడు. రిపేరు అంచనా కాగితం మీద ఉంది కాబట్టి బేరంలో గొడవ రాలేదు. పెద్దామె కొడుకు ఫోన్లో మాట్లాడి కొంత తగ్గించాడు. నా బావమరిది ఇల్లు కొంటున్నాడు, వచ్చే కార్తీకం వానల లోపల పని అవగొట్టాలని ఒట్టు పెట్టించుకున్నా.

ఇది కూడా మర్చిపోకండి. సర్వే అంటే ఇల్లు వద్దని చెప్పించుకోవడం కాదు. "పాతది" అన్న ఒక్క మాటతో గట్టి రాతి గోడల ఇళ్లను కూల్చి, వాటి చోట ఎండాకాలం కాలిపోయే పెట్టెలు కడుతున్నాం. ఏ ఇల్లు నిలుస్తుందో, ఏది నిలవదో తెలిస్తే కొన్ని మంచి ఇళ్లు కూడా బతుకుతాయి. అట్టాగని సర్వేతో అన్నీ తెలుస్తాయనీ కాదు. గోడ కడుపులో ఏముందో పూర్తిగా ఎవరూ చెప్పలేరు. ఇంజనీరు కూడా "ఇంతవరకే చూశాను, ఇది చూడలేకపోయాను" అని రాస్తాడు. అట్టా రాసేవాణ్ణే నమ్మండి. "అంతా ఓకే సార్" అని నోటితో చెప్పి పోయేవాడికి డబ్బులివ్వకండి.

కుదిరితే ఇంటిని రెండుసార్లు చూడండి. ఒకసారి ఎండలో, ఒకసారి వానలో. మన జిల్లాలో సగానికి పైగా వాన అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. ఎండాకాలంలో ఏ ఇల్లైనా బాగుంటుంది. కొత్తగా సున్నం కొట్టిన ఇల్లైతే ఇంకా బాగుంటుంది.

మా ఇంట్లో విరిగిన ఆ మంచం కోడు ఒకటి ఇప్పటికీ కొట్టంలో ఉంది. పొయ్యిలో పెడదామని చాలాసార్లు అనుకున్నా. మా అమ్మే వద్దంది. "ఉండనీ. ఇల్లు కొనే వాళ్లెవురన్నా వస్తే చూపిచ్చు" అంది.

ఈ పోస్టు రాయడం అంటే అదే. మీ అందరికీ ఆ మంచం కోడు చూపిస్తున్నా.